బడి చెలమ

స్వరాజ్యం రాబోతున్నదని అందరూ చెప్పుకుంటున్న ఈ రోజుల్లో నేను బడి నుంచి దిగిపోయాను. కొత్తగా పంతులు పనిలో చేరిన కుర్రవాళ్లు కొందరు మొన్న మా ఇంటికి వచ్చి, ఈ పనిలో తెలుసుకోవాల్సిందేమిటని అడిగారు. అరుగు మీద కూర్చుని చెప్పబోతే మాట తిన్నగా రాలేదు. అందుకని రాస్తున్నాను.

జీతం ఎప్పుడు పెరిగింది, ఏ ఊరికి ఎందుకు బదిలీ చేశారు అన్నవి రాయను. హాజరుపట్టీ నింపడం మీకు ఒక పూటలో వస్తుంది. ఒకే వసారాలో కూర్చున్న పిల్లల మధ్య ఉండే ఎడం సంగతి మాత్రం ట్రైనింగు స్కూల్లో చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

నేను పెద్ద చదువు చదివినవాణ్ణి కాను. మా నాయన మగ్గం నేసేవాడు. ప్రొద్దుటూరు సంతకు చీరలు మోసుకుపోయేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయి, బేరం తెగేదాకా అక్కడి పఠన మందిరంలో కూర్చోబెట్టేవాడు. అక్కడి పుస్తకాల బీరువాను పై అర నుంచి కింది అర దాకా వరసగా చదివాను. అందులో వైద్యం, వేదాంతం, పశువుల పెంపకం, భూగర్భ శాస్త్రం అన్నీ ఉండేవి. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు కంటే ముందు అది ఏ అరలో ఉండేదో గుర్తొస్తుంది. ఆ చదువంటే నాకు గర్వం. అది నన్ను ఎక్కడ నిలబెట్టిందో, ఎక్కడ నవ్వులపాలు చేసిందో రెండూ చెబుతాను.

మెట్టు మీది పిల్ల

ఎర్రగుంట్ల స్టేషన్లో దిగి బండి కట్టుకుని పోతే పెన్న ఒడ్డున నేను పనిచేసిన ఒక ఊరు. పేరు రాయను, ఆ ఊరివాళ్లు చాలామంది ఇంకా ఉన్నారు. బడి ఏటి ఒడ్డున పాత సత్రం వసారాలో నడిచేది. ఏ కులం పిల్లలనైనా చేర్చుకోవాలని పైవాళ్ల ఉత్తర్వు ఉండేది. ఆ ఉత్తర్వులో బడిలోకి రానివ్వమని ఉంది గాని నీళ్ల మాట లేదు.

మాదిగవాడ నుంచి వచ్చే పిల్ల ఒక్కతే, సుంకమ్మ. తండ్రి లేడు. తల్లి ఓబుళమ్మ కూలికి పోయేది. ఐదో తరగతి గట్టెక్కితే పట్నంలో ఆసుపత్రి పని నేర్పుతారని ఎవరో చెప్పగా, ఆమె ఆ మాటనే పట్టుకుని కూతుర్ని పంపుతూ ఉండేది. సుంకమ్మ వసారా చివరి మెట్టు మీద కూర్చునేది. అక్కడ కూర్చోమని నేను చెప్పలేదు. లోపలికి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా మెట్టు దాటి వచ్చేది కాదు.

వసారా మూల నీళ్ల కడవ. మిగతా పిల్లలు చెంబుతో ముంచుకుని తాగేవాళ్లు. సుంకమ్మ కడవ ముట్టకూడదు. మెట్టు కింద దోసిలి పట్టి వంగితే ఎవరైనా ఎత్తు నుంచి పోయాలి. ఆ పని శెట్టిగారి మనవడు రంగయ్యది. వాడు చెడ్డవాడు కాదు. పోయమంటే పోసేవాడు, కాని గుర్తుంటేనే. ఆటలో పడితే మరిచేవాడు. ఆ పిల్ల అడిగేది కాదు. రంగయ్య రాని రోజున పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమెకు చుక్క నీళ్లు లేవు. నేను లేచి పోస్తే తాగేది గాని, ఆమె దప్పిక నాకు కనిపించాలి కదా. పాఠం చెప్పేవాడికి మెట్టు మీది పిల్ల నడినెత్తి మాత్రమే కనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆమె పలక చేతిలో పట్టుకునే ఒరిగిపోయింది. మర్నాడు ఓబుళమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది.

"సామీ, నా బిడ్డ నాలిక పిడచగట్టుకోని ఇంటికొస్తాండాది. దప్పికతో సదువు యాడొస్తాది? ఇప్పుడు కూలి లేదు గాబట్టి పంపిస్తాండా. ఏరు పారేదాంక చూస్తా. అప్పటికీ ఇట్నే ఉంటే నా ఎంట కలుపుకు తీసకపోతా. ఏమనుకోవద్దు."

ఆమె కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే నాకు తేలికగా ఉండేది.

శుక్రవారం పాఠం

నేను చదివినవాణ్ణి కనుక, చదువుతో ఈ పని చేద్దామనుకున్నాను. ప్రతి శుక్రవారం చివరి గంటలో మనుషులంతా ఒక్కటేనని పాఠం పెట్టాను. ఏ దేశంలో బానిసలను ఎలా విడిపించారు, మనుషుల ఒంట్లో నెత్తురు ఎలా తిరుగుతుంది, మన మహాత్ములు ఏమన్నారు అన్నవన్నీ ఆ బీరువా అరల్లోంచి తీసి చెప్పేవాణ్ణి. పిల్లలు కదలకుండా వినేవాళ్లు. బాగా సాగుతున్నదని అనుకున్నాను.

ఆ ఏడు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. మాట తక్కువ. ఒక శుక్రవారం వెనక గోడకు ఆనుకుని కూర్చుని పాఠమంతా విన్నాడు. పిల్లలు వెళ్లాక మెచ్చుకుంటాడేమోనని నిలబడ్డాను.

"నేను మీ పాఠం వినలేదు మాస్టారూ, తలకాయలు చూస్తూ కూర్చున్నాను" అన్నాడు. "అందరూ సమానం అని మీరు అన్న ప్రతిసారీ తలలన్నీ ఆ మెట్టు వైపు తిరిగాయి. మీరు చూశారా?"

చూడలేదన్నాను.

"ఆ పిల్ల చూసింది" అని, టోపీ పెట్టుకుని బండెక్కాడు.

ఆ మాట నాకు మింగుడు పడలేదు. పై అధికారికి తప్పు పట్టడం అలవాటు కదా అనుకున్నాను. తర్వాతి గురువారం సాయంత్రం అందరూ వెళ్లిన తర్వాత సుంకమ్మ మెట్టు మీద ఆగింది.

"అయ్యవారూ, ఆ పాటం చెప్పే దినం నేను రాకుంటే ఏమన్నా అంటారా?"

"ఎందుకు రావు?"

"మిగతా దినాలు ఎవురూ నన్ను చూడరు" అన్నది.

శుక్రవారం పాఠం ఆపేశాను. కొత్తగా చేరే మీకు చెబుతున్నాను: దయ గురించి పాఠం చెప్పేటప్పుడు ఆ దయ ఎవరి మీద చూపాలంటున్నారో వాళ్లు అదే గదిలో ఉన్నారని మరవకండి.

నీలిమందు

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, నేల తడవలేదు. ఊరి బావి అడుగంటింది, బడిలో కడవ ఎండింది. ఇక పెన్నలో చెలమలే దిక్కు. ఏటి ఇసుకలో నడుము లోతు గుంత తీస్తే నీళ్లు ఊరుతాయి, అవే ముంచుకోవాలి. అయితే మా సీమలో చెలమ కూడా ఎవరిది వాళ్లదే. ఎగువన ఊరి చెలమ, దానికి రాతివేటు దూరంలో దిగువన వాడ చెలమ. పీర్ల పండగనాడు గుండం చుట్టూ అన్ని కులాలూ కలిసి ఎగిరే ఊరు అది. మర్నాడు నీళ్ల దగ్గర మాత్రం ఎవరి ఇసుక వాళ్లది.

ఇసుక కింద నీరంతా ఒకటేనని నేను భూగర్భ శాస్త్రంలో చదివాను. చెబితే వినరు, కంటికి చూపిస్తే నమ్మక తప్పదు అనుకున్నాను. ఇంట్లో నూలుకు రంగు వేసే నీలిమందు ఉంది. ఒక ఉదయం పిల్లలందరినీ ఏట్లోకి తీసుకుపోయి, ఊరి చెలమలో ఆ మందు కలిపాను.

"సాయంత్రానికి ఈ నీలం దిగువ చెలమలో తేలుతుంది, చూడండి" అన్నాను.

పిల్లలు వాడ చెలమ చుట్టూ చేరారు. సుంకమ్మ కూడా కాస్త ఎడంగా నిలబడింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది, దిగింది. దిగువ చెలమలో నీళ్లు తేటగా, ఆకాశం కనిపించేటంత తేటగా ఉన్నాయి. నీలం జాడ లేదు.

"అయ్యవారూ, మీ నీలిమందు దోవ తప్పిందేమో, కేకేసి పిలుద్దామా?" అన్నాడు రంగయ్య. అందరూ విరగబడి నవ్వారు.

ఇంకొకడు అందుకున్నాడు: "చూసినారా, మన నీళ్లు వాళ్ల నీళ్లల్లో కలవవు. ఏరే కలపలేకపోయినాది, అయ్యవారు కలుపుతాడంట!"

ఇసుక రంగును పట్టి నిలిపేస్తుందని ఆ పుస్తకంలోనే తర్వాతి అధ్యాయంలో ఉందట. బేరం తెగి మా నాయన పిలిచినందువల్ల ఆ రోజు అది చదవకుండా లేచాను. పుస్తకం సంగతి సరే, మగ్గం ఇంట్లో పుట్టినవాడికి రంగు సంగతి పుస్తకం లేకుండానే తట్టాలి. ఏమైతేనేం, పొద్దున్న దాకా నీళ్లు వేరనడం పిల్లలకు ఒక అలవాటుగానే ఉండేది. సాయంత్రానికి అది పంతులు దగ్గరుండి రుజువు చేసిన సంగతి అయిపోయింది.

అంతటితో పోలేదు. పొద్దువాలే వేళ ఊరి ఆడవాళ్లు కడవలతో వచ్చారు. చెలమ నిండా నీలం.

తోడడం

పెద్దరెడ్డి ఆ ఊరికి పెద్ద. మాట కరుకైనా అన్యాయంగా మాట్లాడేవాడు కాదు. మర్నాడు తెల్లవారగానే నన్ను ఏట్లోకి పిలిపించాడు. ఊరు సగం ఒడ్డు మీద ఉంది.

"ఏమప్పా అయ్యవారూ, తాగేదానికి నీళ్లు ల్యాక జనం సస్తాంటే నువ్వు చెలమలో చీరలకు అద్దకం ఏస్తాండావా?"

తప్పయిందన్నాను.

"తప్పయితే తోడు. తెల్లనీళ్లు వచ్చేదాంక తోడి పొయ్యి. ఇంగ ఎవురూ చెయ్యి ఎయ్యొద్దు."

పంచె ఎగగట్టి చెలమలో దిగాను. ముంచి దూరంగా ఇసుకలో పోస్తున్నాను. ఊరిన కొద్దీ తోడుతున్నాను. నీలం కొంచెం కొంచెంగా పలచబడుతోంది. ఒడ్డు మీద నవ్వులు వినిపిస్తున్నాయి. అప్పుడు దిగువ నుంచి సుంకమ్మ ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చి, అలవాటు చొప్పున దూరంగా ఆగింది.

"అయ్యవారూ, సాలించండి! మీరు తోడేకొద్దీ మా చెలమ దిగిపోతాండాది. మా యమ్మ కడవ సగం గూడా నిండలే."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దరెడ్డి నా వైపు చూడలేదు. కర్ర పట్టుకుని నేరుగా వాడ చెలమ దగ్గరికి నడిచాడు. గుంత గోడకు తడి చార ఒకచోట ఉంది, నీళ్లు దానికి జానెడు కింద ఉన్నాయి.

"అయ్యవారూ, నిలుపు!" అని అరిచాడు. ఆపాను. దిగువన నీళ్లు మెల్లగా చార దాకా పైకి వచ్చాయి.

"ఇంగ తోడు!"

తోడాను. మళ్లీ దిగాయి. అందరూ చూశారు. రంగయ్య నోరు తెరుచుకుని చూశాడు. నా నీలిమందు చెప్పలేనిది ఆ పిల్ల దప్పిక చెప్పింది. నా మనసు పొంగిపోయింది. ఇక ఈ ఊళ్లో నీళ్లు వేరన్న మాట తీరిపోయిందనుకున్నాను.

పెద్దరెడ్డి వెనక్కి వచ్చి నా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు: "నీళ్లు ఒకటేలే అయ్యవారూ. నాకు తెలీకనా? మా తాత కాలం నుంచీ తెల్సు. నీళ్లు ఒకటేగాని, ముంచే చేతులు ఒకటి కావు గదా."

అంతే. అంతా చూసి, అంతా ఒప్పుకుని, ఉన్నచోటనే ఉన్నాడు. ఆ మాటతో నాకు ఒకటి తెలిసింది. ఎదుటివాడికి తెలియదని, తెలిస్తే మారతాడని నేను అన్నేళ్లు నమ్మాను. బీరువాలో చదివినదంతా ఆ నమ్మకం మీదే నిలబడి ఉంది. చాలామందికి తెలుసు. తెలిసి కూడా చేతులు తమ అలవాటు మానవు. మార్చాల్సింది చేతుల్ని.

పోసినవాడికి పోయాలి

ఏటి ఇసుక ఎవరి పట్టాలోనూ లేదు. బడికి ఎదురుగా, రెండు చెలమలకూ మధ్యలో, పిల్లల చేత ఒక చెలమ తవ్వించాను. చెలమ తవ్వడం ఒక్కరివల్ల కాదు. తీసిన ఇసుక మళ్లీ జారి పడుతుంది. ఒకరు లోపల గంప నింపితే వరసగా నిలబడ్డవాళ్లు చేతులు మార్చుకుంటూ బయటికి పంపాలి. సుంకమ్మ వరస మధ్యలో నిలబడింది. గంప ఆగకూడదు కనుక ఎవరి నుంచి వచ్చిందో చూసే తీరిక ఎవరికీ లేదు. ఆ పనిలో నేను ఒక్క మంచిమాట కూడా చెప్పలేదు.

పెద్దరెడ్డి ఒడ్డు మీద నుంచి చూసి, "బడి చెలమ బడిది. నేను ఇటు దిక్కు రాను" అని వెళ్లిపోయాడు. అంతకంటే నాకు కావాల్సింది లేదు.

ఆ చెలమకు ఒకటే కట్టుబాటు పెట్టాను. ఎవరి నీళ్లు వాళ్లు ముంచుకోకూడదు. జతలుగా రావాలి. ఒకరు సొరబుర్రతో ముంచి రెండోవాళ్ల దోసిట్లో పోయాలి. తాగినవాళ్లు బుర్ర అందుకుని మొదటివాళ్లకు పోయాలి. జత రోజూ మారుతుంది. సుంకమ్మకు మాత్రమే ఉన్న దోసిలి ఇప్పుడు అందరిదీ అయింది.

మొదటిరోజు ఆమె జత నేనే. ఆమె అలవాటు లేక బుర్ర ఒక్కసారిగా వంచితే సగం నీళ్లు నా మోచేతుల మీద పడ్డాయి. తాగాను. ఆ సంగతి నాకంటే ముందు మా ఇంటికి చేరింది. వాకిట్లోనే నెత్తిన చెంబెడు నీళ్లు పోసుకుంటే గాని లోపలికి రావద్దన్నది మా ఇంటామె. పోసుకున్నాను. బడిలో చెప్పినంత తేలిక కాదు ఇంట్లో చెప్పడం. మీకూ కాదు.

తర్వాత కొన్నాళ్లు సుంకమ్మతో జత పడినవాళ్లు తాగలేదు. దప్పికతో మధ్యాహ్నం ఇళ్లకు పరిగెత్తేవాళ్లు. ఇద్దరు పిల్లలను తండ్రులు మాన్పించారు, ఒకడు తిరిగి వచ్చాడు. నేను ఎవరినీ బలవంతపెట్టలేదు, ఎవరినీ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే తలలు మళ్లీ ఆమె వైపు తిరుగుతాయి. మొదట తాగింది ఒకటో తరగతి చిన్నపిల్లలు. వాళ్లకు దప్పిక తప్ప ఇంకేమీ తెలియదు. తర్వాత ఒకరిని చూసి ఒకరు.

చివరిదాకా పట్టుబట్టింది రంగయ్యే. అన్నాళ్లు పోసిన చెయ్యి వాడిది, పట్టాలంటే రాలేదు. ఒకరోజు ఎండలో ఇసుక మీద చెడుగుడు ఆడి, రొప్పుతూ చెలమ దగ్గరికి వచ్చాడు. ఆ రోజు జత సుంకమ్మ.

"ఏం శెట్టీ, పొయ్యాల్నా, వద్దా? నా చెయ్యి నొప్పెడతాది" అన్నదామె బుర్ర పట్టుకుని. ఆమె వేళాకోళం ఆడడం నేను మొదటిసారి విన్నాను.

వాడు ఒడ్డంతా కలియచూశాడు. ఎవరూ లేరని తేల్చుకుని మోకాళ్ల మీద కూర్చుని దోసిలి పట్టాడు. నేను పలకలు దిద్దుతున్నట్టు తల వంచుకున్నాను.

ఏరు వచ్చింది

ఉత్తర కార్తెలో ఎగువన కురిసిన వానకు ఏరు వచ్చింది. ఒక్క పూటలో చెలమలన్నీ ఇసుకతో పూడిపోయాయి. ఊరివి, వాడవి, మావి, దేని గుర్తూ మిగల్లేదు. మా ఊళ్లోనూ వాన పడి బావి ఊరింది. ఊరంతా సంబరపడుతోంది. నాకు మాత్రం కడవ గుర్తొచ్చింది. బావి వస్తే కడవ వస్తుంది, కడవ వస్తే పాత వరసే వస్తుంది. ఏటి ఇసుకలో నేను పెట్టిన కట్టుబాటు వసారాలో చెల్లదు. కడవ ఊరిది.

వానకు మూసిన బడి తెరిచిన రోజున రంగయ్య తాత, శెట్టిగారు, కొత్త కడవ నింపించి తెచ్చి వసారా మూల పెట్టించాడు. ఓబుళమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది. చేతిలో కలుపు తీసే దోకుడుపారలు రెండు ఉన్నాయి. ఒకటి ఆమెది, రెండోది చిన్నది.

"ఏరు పారినాది సామీ" అన్నది.

ఇంకొన్నాళ్లు చూడమందామంటే అడిగే మొహం లేదు. సుంకమ్మ పలక సంచి భుజం నుంచి తీసి తల్లికి ఇవ్వబోయింది.

అప్పుడే నీళ్ల గంట కొట్టారు. రంగయ్య లేచి కడవ దగ్గరికి పోయాడు. చెంబు ముంచుకుని మెట్టు దగ్గరికి వచ్చాడు. సుంకమ్మ సంచి కింద పెట్టి వంగి దోసిలి పట్టింది. పోశాడు. ఆమె తాగి మూతి తుడుచుకుంది. ఇక వెనక్కి పోతాడు అనుకున్నాను. వాడు చెంబు ఆమె ముందుకు చాచి, మెట్టు దిగి, మోకాళ్ల మీద కూర్చుని దోసిలి పట్టాడు.

సుంకమ్మ చెంబు వైపు చూసింది, తల్లి వైపు చూసింది. కదల్లేదు.

"రేయ్ రంగా, ఏం చేస్తాండావురా?" అన్నాడు తాత వసారాలోంచి.

వాడు తల ఎత్తలేదు. "పొయ్యి సుంకమ్మా, నా వంతు గదా" అన్నాడు విసుగ్గా, ఆలస్యమవుతున్నదని.

నాకు నోటిదాకా మాట వచ్చింది. మింగేశాను. ఆ నోరు మూసుకోవడమే నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని.

సుంకమ్మ రెండు చేతులా చెంబు అందుకుని, మెల్లగా, ఒక్క చుక్క కింద పడకుండా వాడి దోసిట్లో పోసింది.

ఆ సాయంత్రం వాడికి ఇంట్లో దెబ్బలు పడ్డాయి, కడవ మార్చారు. మర్నాడు వాచిన చేతులతోనే వచ్చి మళ్లీ దోసిలి పట్టాడు. కడవలు ఎన్నని మారుస్తారు?

ఓబుళమ్మ ఆ రోజు కింద ఉన్న పలక సంచి తీసి మెట్టు మీద పెట్టింది. తర్వాత చిన్న దోకుడుపారను కొంగులో చుట్టుకుని, పెద్దది భుజాన వేసుకుని, ఒక్కతే చేను దారి పట్టింది.